ఒకే గిన్నె: బిషప్ అజరయ్య గారి జీవితము

ధ్యాన భాగములు: లేవీయకాండము 19:1–2, మార్కు 7:14–23, అపొస్తలుల కార్యములు 10:9–28.



మన ప్రాంతమువారికి శుద్ధి అనగానే నీళ్లు తోచును. నేలకొండపల్లి కంచర్ల గోపన్న పుట్టిన ఊరు గదా. ఆయన భద్రాచలములో కట్టించిన గుడికి పోవువారు గోదావరిలో మునిగిన పిమ్మటనే మెట్లెక్కుదురు. పండ్రెండేండ్లకొకమారు వచ్చు పుష్కరములకు జనము అంతటినుండి ఆ రేవులకు చేరును. ఇంట పురుడు వచ్చినను, చావు కలిగినను మైల యని దినములు లెక్కపెట్టి, ఇల్లు అలికి, తలస్నానము చేసి ఆ మైల తీర్చుకొందురు. అట్టి మైలకు ఒక గడువు కలదు. అయితే మన సంఘములలో అనేకుల తాతముత్తాతలు పుట్టుకతోనే మైల అనిపించుకొనిరి. వారి మైలకు గడువులేదు, దానిని తీర్చు స్నానమును లేదు. ఊరి బావిలో వారు చేద వేయరాదు. దొర గడి ముందు చెప్పులు తొడుగుకొని నడువరాదు. ఎండలోబడి వచ్చి దాహమడిగినయెడల పైనుండి దోసిలిలో పోయుదురు గాని చెంబు అందనియ్యరు.

ఇట్టివారియొద్దకు వాక్యము వచ్చి, దేవుడు పరిశుద్ధుడు గనుక మీరును పరిశుద్ధులై యుండవలెనని చెప్పెను. మోషే ద్వారా ఇశ్రాయేలీయులకు వచ్చిన ఆ ఆజ్ఞనే పేతురు తన మొదటి పత్రికలో మరల వ్రాసెను. పుట్టుకతో మైలవాడవని విని విని ఊరుకొన్న మనుష్యుని పట్టుకొని పరిశుద్ధుడవు కమ్మని చెప్పుట చిన్న సంగతి కాదు. మన పల్లెలలో ఆ మాటకు అర్థమేమి? కడుగవలసినది దేనిని? ఈ ప్రశ్నతో ముప్పది అయిదేండ్లు మన పొరుగుననే కాపురముండి పాటుపడిన యొకరి చరిత్రను ఈ నెల చెప్పదలచితిమి. ఆయన డోర్నకల్ మొదటి బిషప్పు, వేదనాయగము శామ్యూల్ అజరయ్య గారు.

ఆయన తెలుగువాడు కాడు. తమిళదేశములో తిరునల్వేలి ప్రాంతమందలి వెళ్ళాలన్‌విళై అను పల్లెలో 1874 ఆగస్టు 17వ తేదీన పుట్టెను. తండ్రి థామస్ వేదనాయగము గారు ఆ ఊరి సంఘ కాపరి. ఆయన హిందూ కుటుంబమున పుట్టి, మిషను బడిలో చదువుకొనుచు క్రీస్తును నమ్మినవాడు. తల్లి ఎల్లెన్ అమ్మగారు చాల ఏండ్లు ప్రార్థించి కనిన కుమారుడు గనుక హన్నా వలె ఆమెయు బిడ్డకు సమూయేలు పేరే పెట్టెను. ఆ పేరే వారి పలుకుబడిలో శామ్యూల్.

ఆ కుటుంబము నాడార్ కులమునకు చెందినది. ఆ దేశమంతయు ఎఱ్ఱని ఇసుక, తాటితోపులు. ఆ కులమువారిలో అనేకులు తాటిచెట్లెక్కి నీరా దించి, బెల్లము కాచి బ్రదికెడివారు. పందొమ్మిదవ శతాబ్దమున పై కులములవారు వారిని దేవాలయములలోనికి రానియ్యలేదు; ఇన్ని అడుగుల దూరమున నిలువవలెనని కట్టడి చేసిరి. వేలకొలదిగా వారు సువార్తను అంగీకరించుటకు ఆ అవమానమును ఒక కారణమే. కాని మనుష్యుని హృదయము విచిత్రమైనది. తమ్మును దూరముగా నిలిపినవారిమీద దుఃఖపడినవారే సంఘములో కాస్త నిలదొక్కుకొనగానే తమకంటె క్రిందివారని తలచినవారికి వేరుగా చోటు చూపిరి. అజరయ్య గారు విద్యార్థిగా నున్నప్పుడే ఈ సంగతి చూచి సహింపలేకపోయెను. క్రైస్తవ విద్యార్థులు కులమునుబట్టి వేరు వేరు పంక్తులుగా కూర్చుండుటను మాన్పింపవలెనని స్నేహితులతో కలిసి పాటుపడెను. ఆ పంక్తి సంగతి ఆయన జీవితమంతట వెంటవచ్చుట పాఠకులు చూడగలరు.

తండ్రి 1889లో ప్రభువునందు నిద్రించెను. తల్లి కష్టపడి కుమారుని చదివించెను. మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితము చదివెను గాని తుది పరీక్ష సమయమునకు జబ్బుపడి పట్టా పుచ్చుకొనలేదు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శియై దక్షిణ దేశమంతయు తిరిగి యౌవనస్థుల మధ్య పని చేసెను. మరుసటి సంవత్సరము అమెరికానుండి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీ గారితో అప్పుడే గాఢమైన స్నేహము కుదిరెను. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడెను. దక్షిణ దేశ క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువు చదివిన మొదటివారిలో ఆమె యొకరు. పెండ్లి నిరాడంబరముగా జరిగెను. పెండ్లి అప్పులను గూర్చి ఆయన తరువాతి కాలమున మన పల్లెలలో గట్టిగా బోధించినప్పుడు, నీవు చేసినదేమి అని ఎవరును అడుగవలసిన పని లేకపోయెను.

1902లో ఆయన సింహళమందలి జాఫ్నాకు వెళ్లెను. అచ్చటి తమిళ క్రైస్తవులు కొద్దిమందియే అయినను తమ సొంత సొమ్ముతో తమ మనుష్యులను సువార్తకు పంపుచుండుట చూచి సిగ్గుపడెను. తిరునల్వేలి సంఘమునకు అప్పటికే నూరేండ్లు నిండెను. సంఖ్యయు కలదు, చదువును కలదు, సొమ్మును కలదు. కాని పరదేశములవారు ఇచ్చుచుండగా పుచ్చుకొనుటయే దానికి అలవాటాయెను. ఈ సంగతినిగూర్చి ఆయన రాత్రివేళ ఎంతో వేదనతో ప్రార్థించెనని ఆయన చరిత్రకారులు వ్రాయుదురు. మనము సాధారణముగా పాపపు ఒప్పుకోలు అనగా దొంగతనము, వ్యభిచారము, త్రాగుడు మొదలైనవాటిని గూర్చి అనుకొందుము. ఆయనకు ఆ దినమున పాపముగా కనబడినది చేయి చాపి పుచ్చుకొనుటకు అలవాటుపడి ఇయ్యనేరక పోవుట. 1903 ఫిబ్రవరి 12న తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడెను. పని చేయువారును, సొమ్మును, పెత్తనమును మనదేశమువారివే యుండవలెనని దాని నియమము. ఆ సొసైటీ పంపిన సేవకులు భాష తెలియని మన నైజాము తెలుగు దేశమునకు, మానుకోట తాలూకాకు, డోర్నకల్‌కు వచ్చిరి.

డోర్నకల్ మనకు దూరము కాదు. ఖమ్మమునుండి ఉత్తరముగా పోవు రైలెక్కినయెడల కొద్దిసేపటిలో వచ్చును. సింగరేణి బొగ్గు గనుల వైపు మార్గము చీలినది అక్కడనే. అప్పుడు చుట్టును చిట్టడవి, జొన్న చేలు, నైజాము జమీందారీలు. అజరయ్య గారు ఇతరులను పంపుచు, యౌవనస్థులను పురికొల్పుచు కొన్ని ఏండ్లు గడపెను. కాని పొండని ఇతరులకు చెప్పినమాట తన మనస్సాక్షిని వదలలేదు. 1909లో మంచి ఉద్యోగమును విడిచి, అభిషేకము పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్‌కు వచ్చి గుడారములో కాపురముండెను. ముప్పది అయిదేండ్ల వయస్సున అ ఆలు మొదలుకొని తెలుగు నేర్చుకొనెను. మన భాషలో మాటాడుచు ఆయన ఎన్ని తప్పులు చేసెనో, పల్లెవారు ఎంత నవ్విరో మనము ఊహించుకొనవచ్చును. చదువుకొన్నవానికి తెలియనివాని వలె కూర్చుండుటయు ఒక విధమైన కడుగుటయే.

మరుసటి సంవత్సరము, 1910లో, స్కాట్లాండు దేశమందలి ఎడింబరోలో లోకమంతటి మిషనరీ సభ జరిగెను. వచ్చినవారిలో పన్నెండు వందలకు పైగా ప్రతినిధులుండగా ఆసియా దేశస్థులు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమందియే. అజరయ్య గారిని మిషనరీలకును దేశీయ సేవకులకును గల సహవాసమును గూర్చి మాటలాడుమనిరి. ఆయన మొగమోటము లేక చెప్పెను. తెల్ల మిషనరీలు మనవారికొరకు ప్రాణమైనను ధారపోయుదురు, ఆస్తి ఇత్తురు, అయితే తమ బల్లయొద్ద కూర్చుండబెట్టుకొనరు, స్నేహితునివలె చేయి కలుపరు అని భావమిచ్చు మాటలు పలికెను. చివరకు మాకు స్నేహితులను ఇయ్యుడని వేడుకొనెను. సభలో కొందరికి కోపము వచ్చెను. మరికొందరు తలలు వంచుకొనిరి.

ఆ ప్రసంగమును దొరలకు బుద్ధి చెప్పిన ధైర్యముగా నేడు మనవారు పొగడుదురు. అది నిజమే గాని ఆయన ఆ పాఠమును దొరలకు మాత్రమే చెప్పియుండినయెడల ఈ వ్యాసము వ్రాయవలసిన పని లేదు. బల్లయొద్ద చోటియ్యని పాపము తెల్లవారికి ఎట్లున్నదో నాడార్ క్రైస్తవులకును అట్లే యున్నదని ఆయనకు చిన్ననాటినుండి తెలియును. డోర్నకల్‌కు వచ్చిన పిమ్మట అదే పాపము మాలపల్లెలోను ఆయనకు ఎదురాయెను.

1912 డిసెంబరు 29న కలకత్తాలో సెయింట్ పాల్స్ కతీడ్రలులో ఆయన బిషప్పుగా అభిషేకింపబడెను. ఆంగ్లికన్ సంఘములో మనదేశస్థుడు బిషప్పు అగుట అదే మొదటిసారి. తెల్లవారిలో కొందరును, విచారకరమైన సంగతి యేమనగా దేశీయ క్రైస్తవులలో కొందరును అడ్డు చెప్పిరి. నల్లవాని చేతిక్రింద మేమెట్లు పని చేయుదుమని ఒకరు, మాకంటె తక్కువ కులమువాడు మాకు బిషప్పా అని మరియొకరు. ఆయన వారితో వాదింపలేదు. మొదట ఆ అధ్యక్ష ఖండము చిన్నది. పిమ్మట కృష్ణా, గోదావరి ప్రాంతములందలి చర్చి మిషనరీ సొసైటీ సంఘములు కూడ అందులో చేరెను. గోదావరి ఇంజనీరు హెయిగ్ దొర ప్రయాసవలన 1860 తరువాతి ఏండ్లలో భద్రాచలమునకు ఎగువ దుమ్ముగూడెములో మొదలైన కోయ మిషనును ఆయన కాపుదలలోనికి వచ్చెను. డోర్నకల్ జొన్న చేలనుండి దుమ్ముగూడెపు ఇప్పచెట్లవరకు ఆయన బండిమీదను, కాలినడకను తిరిగెను.

ఆ దినములలో మన పల్లెలు ఎట్లుండెనో పెద్దలు కొంత చెప్పుదురు. భూమి దొరది. పాలేరు తండ్రి తీసిన అప్పునకు కొడుకు జీతముండును. తిండిగింజలు నాగుకు తెచ్చుకొనిన పంటవేళ ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇయ్యవలెను. వెట్టికి పిలుపు వచ్చిన పొయ్యిమీద అంబలి దించి పరుగెత్తవలెను. ఆకలిచేత చచ్చిన గొడ్డును తినిరి. తిని, ఆ తిండివలననే మరింత నీచులనిపించుకొనిరి. సాయంకాలము ఈతకల్లో తాటికల్లో, అడవివైపు ఇప్పసారా. జాతరలో డప్పు కొట్టుట మాదిగవారికి తప్పని చాకిరి.

ఈ స్థితిలో ఉన్నవారికి పరిశుద్ధతను గూర్చి ఎట్లు చెప్పుట? బాప్తిస్మము ఇచ్చి వదలివేయుట సులభము. ఊరికి ఊరే వచ్చి అడుగుచుండిరి. అజరయ్య గారు తొందరపడి నీళ్లు పోయవద్దనెను. ముందు ఉపదేశి పోయి పల్లెలో కాపురముండవలెను. పగలంతయు కూలిచేసి వచ్చినవారికి రాత్రి దీపము పెట్టి ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు కంఠపాఠము చేయింపవలెను. చదువురానివారికి బైబిలు కథలు మన పల్లె బాణీలలో కట్టిన పాటలుగా నేర్పింపవలెను. ఇట్లు చాల నెలలు, కొన్నిచోట్ల అంతకంటె ఎక్కువ కాలము గడచిన తరువాతనే బాప్తిస్మము. చచ్చినదానిని తినుట మానవలెను. విగ్రహములయెదుట డప్పు కొట్టరాదు. ఈ మాట వినుటకు సులభముగా నున్నది గాని డప్పు కొట్టమనినవానికి దొర మనుష్యులచేత దెబ్బలు తగులుచుండెను, కూలి పోవుచుండెను. మన పెద్దలలో కొందరికి పరిశుద్ధత వీపుమీద వ్రాయబడెను.

పల్లెను పట్టిన దయ్యములు నాలుగని ఆయన తరచుగా చెప్పెడివాడు. అవేవనగా మురికి, రోగము, అప్పు, త్రాగుడు. పెద్ద వేదాంతము ఇందులో లేదని కొందరు చదువరులు అనుకొనవచ్చును. ఆత్మీయ శుద్ధి చెప్పవలసిన బిషప్పు పేడకుప్పలను గూర్చియు వడ్డీని గూర్చియు మాటలాడుటేమి? కాని మార్కు 7వ అధ్యాయమును దగ్గరగా చదువుడి. చేతులు కడుగని శిష్యులను పరిసయ్యులు తప్పుపట్టగా ప్రభువు, వెలుపలనుండి లోపలికి పోవునది మనుష్యుని అపవిత్రపరచదనియు, హృదయములోనుండి బయటికి వచ్చు దురాలోచనలే అపవిత్రపరచుననియు బోధించెను. అజరయ్య గారు ఈ వాక్యమునకు విరోధముగా ఏమియు చెప్పలేదు. వాకిలి ఊడ్చినంతమాత్రమున పరలోకము దొరకునని ఆయన బోధ కాదు. లోపల శుద్ధియైన మనుష్యుడు తన బిడ్డను మురికిలో పడవేయడు, కూలి డబ్బులు కల్లు కుండలో పోయడు, ఇంటిదానిని కొట్టడు అని ఆయన నమ్మకము. లోపలి కడుగుడు జరిగినదో లేదో ఇంటిలోని ఆడవారికి ముందు తెలియును గదా.

ఈ విషయములో మరియమ్మాళ్ అమ్మగారి పాలు చాల కలదు. ఉపదేశుల భార్యలకు చదువు, కుట్టుపని, బిడ్డల పెంపకము, రోగికి పరిచర్య నేర్పుటకు ఆమె పాటుపడెను. ఉపదేశి ఎంత చక్కగా ప్రసంగించినను ఆయన ఇల్లు చూచియే పల్లె నేర్చుకొనునని ఆ దంపతులకు తెలియును.

కానుకల విషయము చెప్పక విడువరాదు. పేదవారు ఏమి ఇయ్యగలరని మిషనరీలు జాలిపడిరి. అజరయ్య గారు ఆ జాలిని ఒప్పుకొనలేదు. పూట పూటకు బియ్యమో జొన్నలో పొయ్యిమీద పెట్టకముందే ఒక పిడికెడు ప్రభువునకని వేరు కుండలో వేయు అలవాటు ఆ ఖండములో వ్యాపించెను. కోతకాలపు పండుగకు కోళ్లు, గుమ్మడికాయలు, ధాన్యపు గంపలు, గొఱ్ఱెపిల్లలు మోసికొని స్త్రీపురుషులు గుడికి వచ్చెడివారు. కానుకలను గూర్చి ఆయన వ్రాసిన పుస్తకము తరువాత అనేక భాషలలోనికి పోయెను. తరతరములుగా ఎంగిలి కూటికి చేయి చాపిన మనుష్యునికి, నీయొద్ద దేవుడు పుచ్చుకొనును అని చెప్పుటకంటె గొప్ప గౌరవమేమి కలదు? ఇచ్చువాడు ఇక మైలవాడు కాడు. మైలవాని చేతినుండి ఎవరును పుచ్చుకొనరు గదా.

ఇక గిన్నె సంగతి. మాలవారు బాప్తిస్మము పొందిన ఊరిలో కొంతకాలమునకు మాదిగవారును వచ్చి మాకును వాక్యము చెప్పుడని అడుగుదురు. వెంటనే సంఘములో కలవరము. వారు వచ్చినయెడల మేము రామని కొందరు, వస్తిమి గాని వారికి వేరే చాప వేయుడని కొందరు. తెలుగు దేశమంతట ఇట్టి చిక్కు మిషనరీలకు ఎదురాయెను. కొన్ని మిషనులలో ఇరువురికి వేరు వేరు గుళ్లు కట్టుట సులభమని తోచెను. ప్రభు భోజనమునకు వచ్చినప్పుడు ఒకే గిన్నెలో పెదవి పెట్టవలెను. ఊరివారు చెంబు అందనియ్యలేదని కంటనీరు పెట్టినవారే, ఇక్కడ తమ తరువాత మాదిగ సహోదరుడు త్రాగుటకు ఇష్టపడరైరి. ముందు అతడు త్రాగినయెడల తాము ముట్టరైరి.

అజరయ్య గారు ఈ ఒక్క విషయములో మెత్తబడలేదు. కులమును సంఘములోనికి తెచ్చుట క్రీస్తు శరీరమును చీల్చుట అని ఆయన ఎరుగును. ఆయన ఖండములో రెండు గిన్నెలు లేవు, రెండు గుళ్లు లేవు. తాను పల్లెకు పోయినప్పుడు మాలవాడలోను మాదిగవాడలోను వారు పెట్టినది భుజించెను. యొప్పేలో మిద్దెమీద పేతురు చూచిన దర్శనము మనకు తెలిసినదే. దేవుడు పవిత్రము చేసినదానిని నిషిద్ధమని పిలువకుమని మూడుసార్లు వినిన పిమ్మటను పేతురు తడబడెను. అంతియొకయలో అన్యజనులతో భుజించుచు, యెరూషలేమువారు రాగానే పంక్తి విడిచి వెనుకకు జరిగెను. పౌలు గలతీయులకు ఆ సంగతి దాచక వ్రాసెను. అపొస్తలునికే అంత కష్టమైనది మన పెద్దలకు ఒక్క తరములో తీరలేదనిన ఆశ్చర్యము లేదు. అజరయ్య గారి కాలములోను అది పూర్తిగా తీరలేదు. పెండ్లి సంబంధముల వేళ పాత కొలత మరల బయటికి వచ్చుచునేయుండెను. మన ఊళ్లలో ఇప్పుడు తీరినదో లేదో పాఠకులకే తెలియును.

బిషప్పు గారు కఠినుడని ఆ దినములలోనే మాట యుండెను. త్రాగినవానిని సంఘ క్రమశిక్షణ క్రింద పెట్టుటలో ఆయన వెనుదీయలేదు. క్రొత్తగా వచ్చిన పేదవారిమీద ఇన్ని నియమములు పెట్టుట భారము కాదా అని అడిగినవారు కలరు. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయము. నియమము నెరవేర్చి తాను పరిశుద్ధుడనుకొనువాడు పరిసయ్యుని ప్రక్కన కూర్చుండును. అయితే ఒక సంగతి ఆలోచింపవలెను. అంతకుముందు ఆ పల్లెవారినుండి ఎవరును ఏ మంచినీ ఎదురుచూడలేదు. ఊరివారు వారినుండి చాకిరి ఎదురుచూచిరి, దొంగతనము ఎదురుచూచిరి. ఈయన వచ్చి, మీరు మాట నిలుపుకొనగలరు, కల్లు మానగలరు, పుచ్చుకొనిన అప్పు తీర్చగలరు, సాక్ష్యమియ్యగలరు అని వారిని నమ్మెను. కన్ఫర్మేషనుకు వచ్చినవారిని, మీరు క్రీస్తునొద్దకు ఎందరిని తెచ్చితిరని అడుగుట ఆయన అలవాటు. బాప్తిస్మము పొందినవారిచేత తమ చేతిని తమ తలమీద ఉంచుకొనజేసి, సువార్త ప్రకటింపనియెడల నాకు శ్రమ అను పౌలు భావమును పలికించెడివాడు. సాలువాడు, చెప్పులు కుట్టువాడు, కోయ రైతు, అందరును సువార్తికులే.

దీని ఫలము ఆయన ఎదురుచూచినదానికంటె మించి వచ్చెను. 1920 తరువాతను, 1930 తరువాతను ఊరిలోని శూద్ర కులములవారు సంఘములవైపు చూడసాగిరి. కమ్మవారు, కాపులు, గొల్లలు, వడ్డెరలు, ఎరుకలవారు, ఇట్లు వేలకొలదిగా బాప్తిస్మము అడిగిరి. వారిని పిలిచినది గొప్ప పండితులు కారు. తమ పాలేరు త్రాగుడు మానినది వారు చూచిరి. కళ్లములో గింజ దొంగిలింపనిది చూచిరి. బూతులు లేని నోరు వినిరి. మైల అని దూరముగా నిలిపినవాని ఇంటిలో దొరికినది తమ ఇంటిలో లేదని వారికి తోచెను. ఆ కారణమునే అనేకులు చెప్పిరని ఆ కాలమున ఈ ఉద్యమమును విచారించినవారు వ్రాసిరి. ఊరు వాడయొద్ద శుద్ధి నేర్చుకొనుటకు వచ్చుట మన దేశములో అంతకుముందు విన్న సంగతి కాదు.

ఈ గుంపుల మార్పిడిని గాంధీగారు ఒప్పుకొనలేదు. 1930 తరువాతి ఏండ్లలో ఇరువురి మధ్య గట్టి వివాదము జరిగెను. పేదవారు అర్థము తెలియక మతము మార్చుకొనుచున్నారని గాంధీగారి అభిప్రాయము. పేదవానికి ఆత్మ కలదు, పాపము తెలియును, రక్షణ కోరు హక్కు అతనికిని కలదని అజరయ్య గారి నమ్మకము. ఇరువురును అస్పృశ్యతను ద్వేషించినవారే. ఆ వివాదమును ఈ చిన్న వ్యాసములో తీర్చుట మా తరము కాదు.

లోకములో ఆయనకు గౌరవములు కొదువలేదు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము డాక్టరు బిరుదు ఇచ్చెను. 1927లో లొసానులో జరిగిన సంఘ ఐక్యత సభకు వెళ్లెను. 1929 మొదలు నేషనల్ క్రిస్టియన్ కౌన్సిలుకు అధ్యక్షుడాయెను. 1938లో మద్రాసు దగ్గర తాంబరములో లోక మిషనరీ సభ కూడినప్పుడు వచ్చినవారిలో ఆయన పేరు తెలియనివారు లేరు. ఇంత జరిగినను ఆయన దినచర్య మారలేదు. తెల్లవారకముందే లేచి దేవుని సన్నిధిని కూర్చుండుట, తన క్రింద పనిచేయు గురువులను పేరు పేరున ప్రార్థనలో జ్ఞాపకము చేసికొనుట ఆయన నిత్యకృత్యము. అడవి మధ్య ఒంటరిగా పనిచేయు అయ్యగారికి ఆ మాట తెలియుటయే పెద్ద ఆదరణ. పై అధికారి తనమీద ఫిర్యాదులు విని నిర్ణయము చేయకముందు తనకొరకు ప్రార్థించెనని తెలిసినవాడు మందలింపును వేరుగా పుచ్చుకొనును.

డోర్నకల్‌లో ఎపిఫనీ దేవాలయము కట్టుట చాల ఏండ్లు పట్టెను. దానిని చూచినవారికి గుమ్మటములలో మహమ్మదీయుల శిల్పమును, స్తంభములలో హిందూ దేవాలయముల పోలికయు కనబడును. ఈ దేశపు రాళ్లు, ఈ దేశపు చేతిపని దేవుని ఇంటికి మైల కావని బిషప్పు గారి తలంపు. 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు, అది ప్రతిష్ఠింపబడెను. తూర్పు జ్ఞానులు, అనగా అన్యజనులు, శిశువైన ప్రభువును వెదకి వచ్చి మొక్కిన పండుగ అది. ఆ దినమున మాలవారును మాదిగవారును, కమ్మవారును కోయవారును ఒకే కప్పు క్రింద మోకరించుటకు చోటు దొరకెను. ఆయన పని ముగియునాటికి ఆ ఖండములోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటెను.

దక్షిణ దేశ సంఘములన్నియు ఒకటి కావలెనని ఆయన 1919 మొదలు పాటుపడెను. చీలిన సంఘము కులముతో చీలిన ఊరికి ఏమి చెప్పగలదని ఆయన బాధ. వేరు వేరు మిషనులవారు ఒకే గిన్నెలో పాలుపొందు దినమును చూడవలెనని కోరెను గాని అది 1947 సెప్టెంబరు 27వ తేదీవరకు రాలేదు. ఆయన అప్పటికి లేడు. 1945 జనవరి 1వ తేదీన, కొద్ది దినముల జ్వరము తరువాత, డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించెను. వయస్సు డెబ్బది సంవత్సరములు. తమిళదేశమునుండి వచ్చిన ఆయనను మన తెలుగు నేలలో, తాను కట్టించిన దేవాలయపు ఆవరణమునందే ఉంచిరి. అయిదు దినములకు ఎపిఫనీ పండుగ వచ్చెను. గుడి ప్రతిష్ఠింపబడి ఆ దినమునకు సరిగా ఆరేండ్లు.